అమ్మ చీర గొర్రెపిల్ల

మన పల్లెల్లో గుడ్డ పారవేయడానికి ఎవరికీ చెయ్యి రాదు. చీర నలిగితే బొంతకు వస్తుంది. పంచె చిరిగితే పసిబిడ్డ పక్కగుడ్డకు వస్తుంది. అదీ పోతే పొయ్యి దగ్గర మసిగుడ్డ అవుతుంది. చివరికి ఆ మసిగుడ్డ కూడా ఇంటాయన సైకిలు తుడవడానికి పోతుంది. అయితే అరచెయ్యంత ముక్కలను, రవిక కత్తిరించాక చంక దగ్గర మిగిలే పేలికలను ఏమి చేయాలో తోచక ఒక సంచిలో కూరి మిషను కింద పెడతాము. మా ఇంట్లో అట్టి సంచులు రెండు ఉన్నవి. పండుగకు ఇల్లు సున్నం వేసినప్పుడల్లా మా ఆయన వాటిని బయట పడేయమంటారు, నేను మళ్లీ లోపల పెడతాను.

నేను పుట్టింది నాగర్‌కర్నూలు, మెట్టింది వనపర్తి, కూతురిని ఇచ్చింది గద్వాల. మూడూ ఒకప్పుడు పాలమూరు జిల్లాలోని ఎం.బి. మిషను స్టేషన్లు, 2016 అక్టోబరు 11 నుండి మూడూ మూడు జిల్లాలకు ముఖ్యపట్టణములైనవి. జిల్లాలు వేరైనా నా సంచిలో మూడు ఊళ్ల గుడ్డలూ కలిసే ఉన్నవి. మా అమ్మ తెల్లచీర ముక్కలు, మామగారి పంచెల అంచులు, వియ్యపురాలు ఇచ్చిన పాత గద్వాల చీర ఒకటి.

గద్వాల చీర సంగతి కొంచెం చెప్పాలి. దాని ఒళ్లంతా నూలు, అంచులూ కొంగూ పట్టు. రెండింటినీ కలిపే అతుకు సూదితో వేసినది కాదు. మగ్గం మీదనే పేక దారాలను ఒకదానిలో ఒకటి మెలివేసి నేస్తారు. దీనిని కుప్పడం అంటారు. ఆ అతుకు దగ్గర వేలు పెట్టి లాగి చూడండి, చీర చిరిగినా అతుకు విడదు. ఇంత చక్కని చీర పాతబడితే జరీ అంచుతో బిడ్డకు బొమ్మ కుట్టాలని ఎవరికైనా మనసు పుడుతుంది. వద్దు. జరీ పోగు లేచి లేత చిగుళ్లకు గుచ్చుకుంటుంది. పైగా వేడినీళ్లలో ఉడికిస్తే నూలు ఒక తీరుగా, పట్టు ఒక తీరుగా ముడుచుకుంటవి. అంచు కోసి పక్కన పెట్టి, ఒంటి నూలు మాత్రమే బిడ్డకు వాడండి. ఆ అంచుతో బైబిలుకు సంచి కుట్టుకోవచ్చు.

బిడ్డ బొమ్మ అలంకారానికి కాదు. అది నోట్లోకి పోయేది. నేను ముప్పది యేండ్లుగా కుడుతున్నాను గనుక ఈ ఒక్క మాట గట్టిగా చెప్పగలను. నెలల బిడ్డకు చేతికి దొరికినదెల్లా మొదట నోటికే పోతుంది. కాబట్టి కండ్లకు గుండీలు, పూసలు, కుంకుడు గింజలు పెట్టకూడదు. లోపల మువ్వలు, ఇసుక, అనుములు పోయకూడదు. కుట్టు ఒక్కచోట విడితే అనుమగింజ గొంతులోకి పోవడానికి ఎంతసేపు? చప్పుడు చేస్తుందని కొందరు ప్లాస్టిక్ కవరు లోపల కూరుతారు, అదీ ప్రమాదమే. మెడకు రిబ్బను కట్టకూడదు. దిష్టికని నల్లపూస కుట్టమని అడిగిన పెద్దమ్మలు మా సంఘములోనే ఉన్నారు. వారికి నేను చెప్పేది ఒకటే: బిడ్డను కాచేది ప్రభువు, పూసను మింగకుండా కాచవలసింది మనము. కండ్లు, ముక్కు నల్లదారంతో గొలుసుకుట్టు వేసి కుట్టితే చాలు. బిడ్డకు అవే కండ్లు.

గుడ్డను కత్తిరించక ముందే సబ్బునీళ్లలో ఉడికించి ఎండలో ఆరవేయాలి. అది ముడుచుకునేదంతా అప్పుడే ముడుచుకుంటుంది. రంగు నిలుస్తుందో లేదో చూడటానికి తడి తెల్లగుడ్డతో గట్టిగా రుద్ది చూడండి, తెల్లగుడ్డకు రంగు అంటితే ఆ ముక్క బొంతలోకి పోవలసిందే. ఆకారాన్ని పాత పేపరు మీద గీసి కత్తిరించుకోవాలి. మొదటిసారి కుట్టేవారు చేప కుట్టితే సులువు, కాళ్లూ చెవులూ లేవు. రెండు ముక్కలను మేలు వైపులు లోపలికి వచ్చేటట్లు కలిపి, అంచు నుండి అర అంగుళం లోపల చుట్టూ రెండు వరుసల కుట్టు వేయాలి. పొట్ట దగ్గర రెండంగుళాలు వదలాలి. వంపులున్న చోట కుట్టుకు తగలకుండా చిన్న చిన్న గాట్లు పెడితే తిప్పినప్పుడు ముడతలు రావు. తిప్పి, పెన్సిలు మొద్దు కొనతో మూలలు బయటికి తోసి, దూది కూరి, మూతి చేతికుట్టుతో మూయాలి. మిషను లేనివారు వెనక కుట్టు దగ్గర దగ్గరగా వేస్తే మిషనుకు ఏమీ తీసిపోదు.

దూది సంగతి. నాగర్‌కర్నూలు వైపు పత్తిచేలు ఉన్నవి గనుక గింజ తీసిన పత్తికి మనకు కొదువ లేదు. అయితే రెండుసార్లు ఉతికేసరికి పత్తి ఉండలు కడుతుంది. బనీను ముక్కలను గోరంత గోరంత కత్తిరించి కూరితే ఉండకట్టదు, కాకపోతే ఆరడానికి రెండు ఎండలు పడుతుంది. నేను పత్తినే పలుచని గుడ్డసంచిలో కుట్టి, ఆ సంచిని బొమ్మలో పెడతాను. పని రెండింతలే, కానీ పైకుట్టు ఊడినా దూది బిడ్డ నోటికి రాదు. పని మొదలుపెట్టేటప్పుడు సూదులు, గుండుసూదులు లెక్కపెట్టండి, ముగిసినాక మళ్లీ లెక్కపెట్టండి. లెక్క తప్పితే బొమ్మ మొత్తం విప్పవలసిందే. అయస్కాంతం ముక్క ఉంటే ఒకసారి బొమ్మ మీద తిప్పి చూడండి. ఇంకొక మాట: ఏడాది నిండని బిడ్డ నిద్రపోయేటప్పుడు తొట్టెలలో మెత్తని బొమ్మను వదలకూడదు. అది ముఖానికి అడ్డుపడితే తొలగించుకునే శక్తి ఆ బిడ్డకు లేదు. మేలుకొని ఉన్నప్పుడే ఆడుకోవాలి.

ఇది కొత్త విద్య కాదు. లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో ఒక గుడ్డబొమ్మ ఉన్నది. ఐగుప్తు దేశంలో బెహ్నెసా అనే చోట మట్టిలో దొరికింది. ముతక నారగుడ్డ, లోపల కూరినది చింపిరి గుడ్డలు, పపైరస్ ముక్కలు. అది క్రీస్తు తరువాత ఒకటవ శతాబ్దానికీ అయిదవ శతాబ్దానికీ మధ్యదని చెప్పుతారు. అపొస్తలుల కాలము, ఆది సంఘముల కాలము అన్నమాట! ఆ దినాల్లో కూడా ఒక తల్లి మిగిలిన గుడ్డముక్కలను పారవేయలేక బిడ్డ కోసం బొమ్మలో కూరింది. స్త్రీల సమాజంలో దొర్కాను గూర్చి ఎన్ని ప్రసంగములు విన్నామో లెక్కలేదు. ఆమె చనిపోయినప్పుడు విధవరాండ్రు పేతురుకు ఏడ్చుచు చూపించినవి ఆమె కుట్టిన అంగీలు, వస్త్రములే గదా. ఆ అంగీలు కుట్టగా మిగిలిన పేలికలతో ఆమె ఏమి చేసెనో గ్రంథములో లేదు. యొప్పే వీధుల్లో పసిపిల్లలు ఉండకపోరు గనుక నా ఊహ నాకున్నది.

ఇక మన జిల్లాల సంగతికి వస్తాను. పాలమూరు కూలీ అంటే దేశమంతా ఎరుగుదురు. 1955లో పునాది వేసిన నాగార్జునసాగరం మొదలుకొని ఎన్నో ఆనకట్టలకు, కాలువలకు మనవాళ్లు రాళ్లు మోసినారు, మట్టి తవ్వినారు. మేస్త్రీ ముందుగా పైకమిస్తాడు, గుంపును లారీలోనో బస్సులోనో ఎక్కించుకొని పోతాడు. ఎత్తిపోతల కాలువల్లో కృష్ణ నీళ్లు వచ్చిన తరువాత వలస చాలా తగ్గింది, దేవునికి స్తోత్రము. అయినా నిలిచిపోలేదు. ఇప్పటికీ కొన్ని ఇండ్లలో పండుగ దాటిన తరువాత ముసలివారూ, పిల్లలూ మాత్రమే మిగులుతారు.

కొన్ని ఏండ్ల కిందట క్రొత్త సంవత్సర ఆరాధన ముగిసిన తరువాత వనపర్తికి దగ్గరి పల్లె నుండి ఒక చిన్నది బిడ్డను చంకనేసుకొని మా ఇంటికి వచ్చింది. భర్తతో కలిసి పూనా వైపు ఇండ్లు కట్టే పనికి పోవాలి. బిడ్డకు పదకొండు నెలలు. వెంట తీసుకపోవచ్చు గదా అంటే తల అడ్డంగా ఊపింది. అంతకు ముందు పెద్దవాడిని తీసుకపోతే పనిచోట సిమెంటు దుమ్ముకు దగ్గు పట్టి రెండు నెలలు విడవలేదట. ఈ బిడ్డను అవ్వ దగ్గర వదిలిపెట్టి పోతున్నది. "అక్కా, నా కోసం ప్రార్థన జేయి. ఇది నేను గడప దాటితెనే ఏడుస్తది" అన్నది.

గడప దాటితే ఏడ్చే వయసు అదే మరి. పుట్టిన బిడ్డకు జానెడు, జానెడున్నర దూరం మించి సరిగా కనబడదు. మూడు నాలుగు నెలలకు చెయ్యి చాచి పట్టుకుంటుంది. ఎనిమిది తొమ్మిది నెలలకు గుడ్డ కింద దాచిన గిన్నెను గుడ్డ తీసి వెదకుతుంది. కనబడకపోయినా వస్తువు ఎక్కడో ఉన్నదని దానికి అప్పుడు తెలుస్తుంది. అమ్మ సంగతి కూడా అంతే. అంతకు ముందు ఎవరెత్తుకున్నా పోయే బిడ్డ, ఆ నెలల్లో తల్లి కొంగు వదలదు. తల్లి ఎక్కడో ఉన్నదని తెలుసును, ఎప్పుడు వస్తుందో తెలియదు. పదకొండవ నెలలో విడిచిపోవడమంటే సరిగా ఆ దుఃఖము మధ్యలో విడిచిపోవడమే.

ప్రార్థన చేసినాము. తరువాత ఆమె చీర ఒకటి అడిగినాను. ఆమె తన ఒంటి మీది చీర చూసుకొని, "ఇదా?" అన్నది. కాదు, పాలిస్టరు గుడ్డ జారిపోతుంది, చెమట పీల్చదు. నూలుచీర ఏదైనా ఉన్నదా అన్నాను. కాన్పు నాటిది ఒకటి ఉన్నది, పచ్చ మీద ఎర్ర పూలది, సగం చినిగింది. బిడ్డకు పాలిచ్చింది ఆ చీరలోనే. మరునాడు తెచ్చి ఇచ్చింది, ఇచ్చేటప్పుడు ఒక చేత్తో అంచు ఇంకా పట్టుకొనే ఉన్నది. కొంగు వైపు మూడు జానల ముక్క మాత్రం తీసుకొని మిగిలింది ఇచ్చేసినాను.

నాకు హన్నా గుర్తు వచ్చింది. బిడ్డను దేవుని మందిరములో విడిచి, ఏటేటా చిన్న అంగీ కుట్టి తీసుకొని పోయేదని మొదటి సమూయేలు గ్రంథము రెండవ అధ్యాయములో చదువుతాము. మనము ఆమె ప్రార్థనను గూర్చే ఎక్కువ మాట్లాడుకుంటాము. కుట్టుపని తెలిసిన నాకు మాత్రం వేరే ప్రశ్న తోస్తుంది. ఏడాదిగా చూడని బిడ్డకు కొలత ఎక్కడ తీసుకొన్నది? పక్కింటి పిల్లవాడి భుజం పక్కన గుడ్డ పెట్టి చూసి ఉంటుంది. లేక రెండు వేళ్లు వదులుగా కుట్టి, సరిపోతుందో లేదోనని దారి పొడుగునా తలపోసి ఉంటుంది.

ఆ పచ్చ చీరతో రెండు గొర్రెపిల్లలు కుట్టినాను, ఒకటి మాసితే ఒకటి ఉండాలని. ఆదివారం స్త్రీల కూడికలో చూసి అందరూ నవ్వినారు. "పచ్చ గొర్రె, దాని మీద పూలు! ఎక్కడన్న జూసినమా?" అన్నదొకామె. యాకోబు మందలో పొడలవీ మచ్చలవీ లేవా అన్నాను. గుడ్డను ఉడికించి కుట్టినాను గనుక తల్లి వాసన ఏమీ మిగిలి ఉండదు. అందుకని ఆ రెండింటినీ ఆమెకే ఇచ్చి, పోయేలోగా పగలు నడుముకు కట్టుకో, రాత్రి రవికలో పెట్టుకొని పడుకో అని చెప్పినాను. నాలుగు రాత్రులు అట్లే చేసింది.

ఇది నేను కల్పించిన మంత్రము కాదు. 1975లో ఇంగ్లండులో మాక్‌ఫర్లేన్ అనే వైద్యుడు పసిబిడ్డల తలకు ఒక పక్క వారి తల్లి రొమ్ము దగ్గర పెట్టుకొన్న దూదిగుడ్డను, ఇంకొక పక్క వేరొక తల్లి దానిని ఉంచి చూసినాడు. ఆరు దినాల బిడ్డలు తమ తల్లి గుడ్డ వైపే ఎక్కువగా ముఖము తిప్పినారు. ఆరు దినములకే! మాటా పేరూ తెలియక ముందే దేవుడు బిడ్డకు తల్లి వాసనను తెలియజేస్తున్నాడు.

బండి ఎక్కిన దినమున బిడ్డ ఎంత ఏడ్చిందో తరువాత అవ్వ చెప్పింది. గొర్రెపిల్లను ఇస్తే విసిరికొట్టింది. రెండవ దినమూ అంతే. గంజి తాగలేదు, పాలు తాగలేదు, తలుపు వైపు చూసి ఏడ్చింది. మూడవ దినము సాయంత్రం అవ్వ విసిగిపోయి గొర్రెపిల్లను తన కొంగులో పెట్టుకొని కూర్చుంటే, బిడ్డ తానే పాకుకుంటూ వచ్చి లాక్కొని, చెవి నోట్లో పెట్టుకొన్నది. అప్పటి నుండి అదే అలవాటు. నిద్రపట్టే వరకు చెవి చీకడం, నిద్రపోయిన తరువాత అవ్వ మెల్లగా తీసి చిలక్కొయ్యకు తగిలించడం. బొమ్మ వచ్చినందువలన తల్లి లేని లోటు తీరిందని నేను చెప్పను. రాత్రిపూట లేచి ఏడ్చిన దినములు చాలా ఉన్నవి. అయితే ఏడ్చేటప్పుడు చేతిలో ఒకటి ఉన్నది.

రెండింటిలో ఒకదానిని ఫిబ్రవరిలోనే కుక్కపిల్ల ఎత్తుకపోయింది. మిగిలిన దానిని వారానికొకసారి ఉతకమని నేను చెప్పి ఉంటిని. వెళ్లి చూస్తే నల్లగా, జిడ్డుగా ఉన్నది. ఉతకలేదేమి అవ్వా అంటే, "ఉతికితె అమ్మ వాసన పోతది బిడ్డా, దానికి దెలుస్తది" అన్నది. ఆ అవ్వ బడికి పోయినది కాదు. ఇంగ్లండులో డోనాల్డ్ వినికాట్ అనే పిల్లల వైద్యుడు 1951లో ఈ సంగతి మీదనే ఒక వ్యాసము చదివినాడు. బిడ్డ వదలక పట్టుకొనే గుడ్డపేలికను మాసినా తల్లి ఉతకదని, ఉతికితే బిడ్డకు ఏదో తెగిపోయినట్లగునని అందులో ఉన్నది. ఆయన చెప్పినదీ, మా అవ్వ చెప్పినదీ ఒకటే. అయినా రోగము కూడా నిజమే గదా! కడుపు, కాళ్లు ఉతికి చెవి మాత్రం వేడినీళ్లలో ముంచిన తడిగుడ్డతో తుడవమని ఇద్దరమూ రాజీపడినాము.

మే నెలాఖరున, మృగశిర కార్తెకు ముందు, తల్లి తిరిగి వచ్చింది. బిడ్డకు అప్పటికి పదునారు నెలలు నిండుతున్నవి, నడుస్తున్నది. తల్లిని చూసి అవ్వ వెనుకకు పోయి, గొర్రెపిల్లను ముఖానికి అడ్డం పెట్టుకొన్నది. పూనా నుండి తెచ్చిన గౌను రెండు వేళ్లు బిగుతు అయ్యింది. ఆ చిన్నది దానిని మడిచి సంచిలో పెట్టి ఏమీ అనలేదు. బిడ్డను బలవంతముగా ఎత్తుకోలేదు కూడా. గడపలో కూర్చొని బియ్యం ఏరుతూ ఉండిపోయింది. నేను రెండవ దినము పోయినప్పుడు కూడా అట్లే కూర్చొని ఉన్నది, బిడ్డ మూరెడు దూరంలో నిలబడి చూస్తున్నది.

మరునాడు గొర్రెపిల్ల చెవి ఊడిపోయింది. అయిదు నెలలుగా చీకిన చెవి, ఎన్నాళ్లు నిలుస్తుంది? బిడ్డ ఆ చెవినీ, గొర్రెపిల్లనూ రెండు చేతులతో పట్టుకొని మొదట అవ్వ దగ్గరికి పోయింది. అవ్వకు కండ్లు ఆనవు, సూదిలో దారం ఎక్కించలేదు. అవ్వ గడప వైపు చూపించింది. బిడ్డ కొంతసేపు నిలబడి, పోయి తల్లి ఒడిలో వాటిని పడవేసింది.

పచ్చచీర ముక్క ఇంట్లో లేదు, మిగిలిన సగం పూనాలో పసిబిడ్డ గల ఒక తల్లికి ఇచ్చి వచ్చిందట. తల్లి తాను కట్టుకొన్న పసుపు చీర కొంగులో ముక్క కత్తిరించి చెవి కుట్టింది. కుట్టు అంత దగ్గరగా లేదు, నేను తరువాత ఇంకొక వరుస వేసినాను. గొర్రెపిల్లకు ఇప్పుడు ఒక చెవి పచ్చది, ఒక చెవి పసుపుది. కుట్టినంతసేపు బిడ్డ ఆమె మోకాలు పట్టుకొని నిలబడి ఉన్నదని అవ్వ చెప్పింది.

ఆ వానకాలము గడిచింది. పంట అంతంత మాత్రమే. సంక్రాంతి దాటితే మేస్త్రీ మళ్లీ వస్తాడని, బిడ్డను వెంట తీసుకపోవాలో అవ్వ దగ్గర విడవాలో తేలలేదని క్రిస్మసు దినమున ఆ చిన్నది నాతో అన్నది. ప్రార్థన చేసి, ఆ పసుపు చీర కొంగు ఇంకొక జానెడు అడిగి తీసుకొన్నాను. పాలిస్టరు గుడ్డ, కుట్టుకు నిలవదు. లోపల పంచె ముక్క వేసి కుట్టాలి.